పొగ ఆపిన వారమే మాత్ర లెక్క మారుతుంది

స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించే, అనుమానాలు పీడించే జబ్బు) లాంటి తీవ్ర మానసిక జబ్బులు ఉన్నవాళ్ళు మిగతావారికంటే పది నుంచి ఇరవై ఏళ్ళు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ మరణాల్లో ఎక్కువ భాగం ఆత్మహత్యలే అనుకుంటారు చాలామంది. కాదు. గుండె జబ్బు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బులు కలిసి అంతకంటే ఎక్కువమందిని తీసుకుపోతున్నాయి. వీటన్నిటికీ ఆజ్యం పోసేది పొగ. విశాఖ, చుట్టుపక్కల ఊళ్ళ పాఠకులు దీని గురించి అడిగిన ప్రశ్నలకు ఒక మానసిక వైద్య నిపుణుడు, ఒక గుండె వైద్య నిపుణుడు కలిసి ఇచ్చిన జవాబులివి.

*

*మా అబ్బాయికి 29 ఏళ్ళు. ఆరేళ్ళుగా స్కిజోఫ్రీనియాకి క్లోజపిన్ రోజుకి 350 మిల్లీగ్రాములు వాడుతున్నాడు. పదిహేను సిగరెట్లు కాలుస్తాడు. మొన్న బండి మీంచి పడి కాలు విరిగితే పది రోజులు ఆసుపత్రిలో ఉంచాం. అక్కడ ఒక్క సిగరెట్టూ లేదు. నాలుగో రోజు నుంచి పగలంతా నిద్ర, తలగడ తడిసిపోయేలా చొంగ, మాట ముద్దముద్దగా రావడం. ఆపరేషన్ మత్తు అన్నారు. ఇంటికొచ్చి మళ్ళీ కాల్చడం మొదలెట్టాక మామూలైపోయాడు. అయితే పొగ మంచిదనుకోవాలా?*
— ఒక తల్లి, గాజువాక

కాదమ్మా. మీ అబ్బాయికి క్లోజపిన్ ఎక్కువైంది. మాత్రలు అవే, మోతాదు అదే. రక్తంలో నిలిచిన మందు మాత్రం పెరిగింది.

క్లోజపిన్‌ని కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్ విరగ్గొట్టి బయటకి పంపుతుంది. పొగాకు కాలినప్పుడు వచ్చే తారులోని కొన్ని రసాయనాలు ఈ ఎంజైమ్‌ని రెచ్చగొడతాయి. ఎంజైమ్ పని జోరందుకుంటే మందు త్వరగా కరిగిపోతుంది. అందుకే సిగరెట్లు కాల్చేవాళ్ళకి అదే ఫలితం రావడానికి ఎక్కువ మోతాదు పడుతుంది. మీ అబ్బాయి 350 కూడా పొగ తాగుతూ ఉండగా కుదిరిన లెక్కే. పొగ ఆగగానే ఆ ఎంజైమ్ రెండు మూడు రోజుల్లో నెమ్మదిస్తుంది, వారం తిరిగేసరికి మామూలు స్థితికి వస్తుంది. అప్పుడు అదే 350తో రక్తంలో మందు సగటున సగం మేర పెరుగుతుంది, కొందరిలో రెట్టింపూ అవుతుంది. మీరు చూసిన నిద్ర, చొంగ, ముద్దమాట అవే. అదృష్టం కొద్దీ అక్కడితో ఆగింది. ఇంకా పెరిగితే ఫిట్స్ రావచ్చు, గుండె దడ రావచ్చు, పేగు కదలిక ఆగిపోయేంత మలబద్ధకం రావచ్చు. క్లోజపిన్ వాడేవాళ్ళకి మూడు రోజులు విరేచనం కాకపోతే దాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. అదీ ప్రాణం మీదకి తెస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఈ పని చేసేది నికోటిన్ కాదు, కాలిన పొగ. కాబట్టి పొగ మానడానికి వాడే నికోటిన్ గమ్ నమిలినా, నికోటిన్ పట్టీ ఒంటికి అంటించినా ఎంజైమ్ జోరందుకోదు. సిగరెట్ మాని ఖైనీకి మారినవాడికీ అంతే. పొగాకు మానలేదు కదా అని ఇంట్లో ధీమాగా ఉంటారు, మందు మాత్రం రక్తంలో పెరుగుతూనే ఉంటుంది. ఇంకో సంగతి, రోజుకి ఏడు నుంచి పన్నెండు సిగరెట్లు కాల్చినా ఎంజైమ్ దాదాపు పూర్తి వేగంతోనే నడుస్తుంది. అందువల్ల ఇరవై నుంచి పన్నెండుకి తగ్గిస్తే మోతాదు మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు. పన్నెండు నుంచి సున్నాకి వచ్చేటప్పుడే అసలు జాగ్రత్త.

మరి ఏం చేయాలి? పొగ మానే తేదీ ముందే తెలిస్తే, మానకముందు ఒకసారి రక్తంలో క్లోజపిన్ ఎంత ఉందో చూపించాలి. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, ఉదయం మాత్ర వేసుకోకముందు శాంపిల్ ఇవ్వాలి. చాలా ల్యాబులు శాంపిల్ తీసి బయటికి పంపుతాయి, ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులు లెక్కేసుకుని తేదీ పెట్టుకోండి. మానాక డాక్టరు మొదటి వారంలో మోతాదుని కొద్దికొద్దిగా, మొత్తం మీద నాలుగో వంతు దాకా తగ్గిస్తారు. వారం తర్వాత మళ్ళీ రక్త పరీక్ష. ఇదే జబ్బుకి వాడే ఒలాంజపిన్‌కీ ఇదే పద్ధతి, అదీ నాలుగో వంతే. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, అరిపిప్రజోల్ వాడేవాళ్ళకి ఈ బెడద లేదు. తగ్గించడం డాక్టరు చేతి మీదుగానే జరగాలి. మత్తుగా ఉన్నాడని ఇంట్లో రెండు మూడు రోజులు క్లోజపిన్ పూర్తిగా ఆపేసి మళ్ళీ 350 వేసేశారనుకోండి, అది మరీ ప్రమాదం. 48 గంటలు దాటి మాత్ర ఆగితే మళ్ళీ 12.5 మిల్లీగ్రాముల నుంచి ఎక్కాలి.

వెనక్కి నడిచేటప్పుడూ లెక్కే. మోతాదు తగ్గించాక వాడు మళ్ళీ గుట్టుగా కాల్చడం మొదలెడితే మందు పడిపోతుంది, వారాల్లో గొంతులు వినిపించడం తిరిగొస్తుంది. తిట్టకుండా, ‘మళ్ళీ మొదలెట్టావా నాన్నా’ అని అడిగి, డాక్టరుకి చెప్పండి. తిడితే దాస్తాడు. దాస్తే డాక్టరు తప్పుడు లెక్కతో మందు రాస్తారు.

కాలికో, గుండెకో, దేనికి ఆసుపత్రిలో చేర్చినా కేస్ షీటులో ‘క్లోజపిన్ వాడుతున్నారు, పొగ తాగేవారు, ఫలానా రోజున ఆగింది’ అని రాయించండి. ఎముకల వార్డులో ఈ ప్రశ్న వాళ్ళంతట వాళ్ళు అడగరు. జ్వరం, నిమోనియా వచ్చినా క్లోజపిన్ రక్తంలో పెరుగుతుంది. పొగ ఆగడం, జ్వరం రెండూ ఒకేసారి వస్తే మరింత పెరుగుతుంది.

*

*మా తమ్ముడికి మాత్ర వేయాలంటే సిగరెట్ ఇవ్వాలి. లేకపోతే వేసుకోడు. రోజుకి నాలుగే ఇస్తున్నాం, ఎక్కువ కాదు. నాలుగుతో ఏమవుతుంది?*
— మద్దిలపాలెం నుంచి ఒక అక్క

మీ ఇంట్లోనే కాదు, ఎన్నో ఇళ్ళలో జరిగేదే ఇది. ఒకప్పుడు మానసిక వైద్యశాలల్లోనూ బుద్ధిగా ఉన్నవాళ్ళకి సిగరెట్ బహుమతిగా ఇచ్చేవారు. అలవాటు అలాగే ఇళ్ళకి వచ్చింది.

నాలుగు తక్కువే అనిపిస్తుంది, గుండె దగ్గర మాత్రం ఆ లెక్క కుదరదు. రోజుకి ఒక్క సిగరెట్ కాల్చేవాళ్ళలో కూడా గుండె జబ్బు అదనపు ముప్పు, ఇరవై కాల్చేవాళ్ళ ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన తేల్చింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణవాయువు స్థానంలో కూర్చుంటుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు అతుక్కుని గడ్డ కడతాయి. నికోటిన్ నాడి వేగం, బీపీ పెంచుతుంది. ఇవన్నీ తక్కువ పొగకే మొదలవుతాయి. అలాగని నాలుగింటి మీద మీ తమ్ముడితో గొడవ పెట్టుకుని మాత్ర మాన్పించకండి. మాత్ర ముఖ్యం.

ముందు మాత్రనీ సిగరెట్‌నీ విడదీయండి. మాత్రకి ఇంకేదైనా జత చేయండి. రాత్రి భోజనం చివరి ముద్దో, టీవీలో ఆయనకి ఇష్టమైన కార్యక్రమం మొదలయ్యే సమయమో. సిగరెట్‌కి వేరే సమయం పెట్టండి, మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా అది ఆ సమయానికే. ఇది కుదిరిన తర్వాతే సంఖ్య తగ్గించడం మొదలుపెట్టాలి. అప్పటికీ మాత్ర వద్దంటే, నెలకోసారి వేసే సూదిమందు గురించి డాక్టరుతో మాట్లాడండి. మాత్ర కోసం రోజూ బేరమాడే పనే ఉండదు.

ఇంకొకటి చూడండి. ఆయన కాళ్ళు నిలకడగా ఉండవా? కూర్చుంటే లేస్తూ, లేస్తే తిరుగుతూ, లోపల ఏదో పీకుతున్నట్టు ఉంటుందా? కొన్ని మందులు ఆ అశాంతిని తెస్తాయి. సిగరెట్ దాన్ని కాసేపు అణుస్తుంది. అదే నిజమైతే మందు మార్చో, మోతాదు సరిచేసో, ప్రొప్రనోలాల్ లాంటిది ఇచ్చో డాక్టరు తగ్గించగలరు. అప్పుడు సిగరెట్ కోసం తపనా కొంత తగ్గుతుంది.

*

*మా అమ్మకి 56. భీమిలి దగ్గర మత్స్యకారుల పేట మాది. చిన్నప్పట్నించీ అడ్డపొగ తాగుతుంది. రోజుకి ఐదారు చుట్టలు. స్కిజోఫ్రీనియాకి నెలకోసారి ఫ్లూఫెనజిన్ సూది వేయిస్తున్నాం. ‘నేను పొగ లోపలికి పీల్చను’ అంటుంది. ఈ వయసులో మాన్పించడం అవసరమా?*
— భీమిలి నుంచి ఒక కూతురు

అవసరమే. మాన్పించే ముందు ఒక పని చేయండి. అమ్మని వెలుతురులో కూర్చోబెట్టి, నోరు బాగా తెరిపించి అంగిలి చూడండి. అడ్డపొగలో చుట్ట నిప్పు చివర నోట్లో ఉంటుంది, వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఉత్తర కోస్తా ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్ మీద వైద్యులు దశాబ్దాలుగా రాస్తూ వస్తున్నది ఇందుకే. తెల్లగా మందంగా మారడం, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు, పొక్కు, నొప్పి లేని పుండు కనిపిస్తే, అందులో ఏదైనా రెండు వారాలైనా మానకపోతే వెంటనే దంతవైద్యునికి చూపించండి. ఆవిడ మనసు బాగోలేని రోజుల్లో నోట్లో నొప్పి గురించి చెప్పరు. చెప్పినా ‘దయ్యం కాలుస్తోంది’ అన్నట్టు చెబుతారు. మనమే చూడాలి.

‘పీల్చను’ అన్నా నికోటిన్ ఒంట్లోకి వెళ్ళడం ఆగదు. చుట్ట పొగ క్షార గుణం ఉన్నది కాబట్టి నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి వెళుతుంది. గుండె కొట్టుకునే వేగం, బీపీ సిగరెట్ తాగినప్పటిలాగే పెరుగుతాయి.

ఫ్లూఫెనజిన్‌ కూడా పొగ వల్ల త్వరగా కరిగే మందే. అది కండరంలో నిల్వ ఉండి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి పొగ మానాక మార్పు వారంలో కనిపించదు, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కనిపిస్తుంది. చేతులు వణకడం, కాళ్ళు చేతులు బిగుసుకుపోవడం, నడక నెమ్మదించడం, స్థిమితం లేకపోవడం మొదలైతే వయసు అనుకోకండి, సూది మోతాదు తగ్గించాలేమో అడగండి. డాక్టర్లు ఇక్కడ కూడా నాలుగో వంతు వరకే తగ్గించి చూస్తారు.

అమ్మకి పళ్ళు బాగోకపోతే గమ్ కుదరదు, పట్టీయే నయం. చుట్ట ఇంత, సిగరెట్ ఇంత అని సరైన పట్టిక ఏదీ లేదు. కాబట్టి ఎంత పట్టీ అన్నది డాక్టరు చూసి నిర్ణయించాలి. పేటలో అందరూ చుట్ట తాగుతుండగా ఆవిడ ఒక్కరే మానాలంటే చుట్ట చుట్టుకునే పొగాకు ఇంట్లో ఉండకూడదు. పక్కింటివాళ్ళకి ముందే చెప్పాలి, ‘అమ్మకి ఇవ్వకండి’ అని.

*

*నేనే రోగిని. 34 ఏళ్ళు. అక్కయ్యపాలెంలో దుకాణంలో పని. ఒలాంజపిన్ 15 మిల్లీగ్రాములు. రోజుకి 20 సిగరెట్లు. మానాలనుంది. కానీ మానితే గొంతులు తిరిగొస్తాయని భయం. ఏ మందుతో మానాలి? స్నేహితుడు ఈ-సిగరెట్ తెప్పిస్తానంటున్నాడు.*

ఈ-సిగరెట్ వద్దు. దేశంలో 2019లోనే నిషేధించారు. దొంగచాటుగా వచ్చే దాంట్లో ఏముందో చెప్పేవాళ్ళుండరు.

సిగరెట్ కాసేపు ధ్యాస నిలుపుతుంది, అందుకే అది మీకు మందులా అనిపిస్తుంది. జబ్బుని మాత్రం అది తగ్గించదు. మానిన మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, స్థిమితం లేకపోవడం వస్తాయి. రెండు మూడు రోజులకి బాగా పెరిగి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. ఇవి జబ్బు తిరగబెట్టిన గుర్తులు కావు. గొంతులు, అనుమానాలు, ఎవరో వెంటాడుతున్నారన్న ఆలోచన కొత్తగా వచ్చినా, ముదిరినా అవి వేరు. ఆ తేడా మీ ఇంట్లో ఒకరికి ముందే చెప్పి పెట్టుకోండి.

మందుల సంగతి. పొగ మాన్పించే మందుల్లో బాగా పనిచేసేవాటిలో వరెనిక్లిన్ ఒకటి. మొదటి మూడు రోజులు 0.5 మిల్లీగ్రాములు రోజుకి ఒకసారి, నాలుగు నుంచి ఏడో రోజు వరకు రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండుసార్లు, పన్నెండు వారాలు. సిగరెట్ ఆపేది ఎనిమిదో రోజున. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోకపోతే కడుపులో తిప్పుతుంది. కిడ్నీ సరిగా లేకపోతే మోతాదు తగ్గించాలి. ఇది మనసుని కలతపెడుతుందని చాలాకాలం భయపడ్డారు. 2016లో ఎనిమిది వేల పైచిలుకు మందిమీద, అందులో సగం మంది మానసిక సమస్యలున్నవాళ్ళమీద జరిగిన ఈగిల్స్ పరీక్షలో ఆ ముప్పు గణనీయంగా పెరగలేదని తేలింది. ఆ డిసెంబరులోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డబ్బా మీది తీవ్ర హెచ్చరికని తీసేసింది. కలలు మాత్రం కొంచెం గట్టిగానే వస్తాయి.

బ్యుప్రోపియాన్ కూడా ఉంది. ఫిట్స్ ఉన్నవాళ్ళకి వద్దు. క్లోజపిన్ వాడేవాళ్ళకీ సాధారణంగా ఇవ్వరు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వాడేవాళ్ళ రక్తంలో ఆ మందుల్ని ఇది పెంచుతుంది.

పట్టీ అయితే రోజుకి పదికి మించి కాల్చేవాళ్ళకి 21 మిల్లీగ్రాములతో మొదలు, ఆరు వారాలు. తర్వాత 14, రెండు వారాలు. తర్వాత 7, ఇంకో రెండు వారాలు. మన ఊళ్ళో చెమటకి పట్టీ ఊడిపోవడమే పెద్ద చిక్కు. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరాక, వెంట్రుకలు లేని భుజం పైభాగంలో అంటించి పది సెకన్లు అరచేత్తో అదమాలి. అక్కడ పౌడరు, నూనె ఉండకూడదు. రోజూ చోటు మార్చాలి. పీడకలలు వస్తే రాత్రి తీసేసి పొద్దున కొత్తది పెట్టుకోవచ్చు.

తపన తట్టుకోలేనప్పుడు పట్టీకి తోడు గమ్. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలి ఉమ్ము మింగేస్తే ఎక్కిళ్ళూ, గుండెలో మంటా వస్తాయి. నెమ్మదిగా నమిలి, నాలుక మీద ఘాటు తగలగానే ఆపి, కిళ్ళీలా దవడన పెట్టుకోవాలి. ఘాటు పోయాక మళ్ళీ నాలుగు నములు. ఇలా అరగంట. గమ్‌కి పావుగంట ముందు టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగితే నికోటిన్ ఒంటికి పట్టదు.

మీరు వాడే ఒలాంజపిన్ కూడా పొగ ఆగితే రక్తంలో పెరిగేదే. కాబట్టి తేదీ పెట్టుకునే ముందు డాక్టరుకి చెప్పండి. టీ, కాఫీలని సగానికి తగ్గించండి. కెఫీన్‌నీ అదే ఎంజైమ్ కరిగిస్తుంది. పొగ మానాక అదే నాలుగు కప్పులు ఎనిమిది తాగినట్టు పనిచేసి, చేతులు వణికి, నిద్ర పోయి, మానినందుకే ఇలా అయ్యిందని మళ్ళీ బడ్డీ కొట్టు దారి పడతారు. మాట సాయానికి 1800-11-2356 జాతీయ పొగాకు విరమణ లైను ఉంది. మనసు బాగోనప్పుడు టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

*

*మా ఆయన పొగ మానేసి ఐదు నెలలు. ఒలాంజపిన్ వాడతారు. ఆరు కిలోలు పెరిగారు. ‘కాల్చేటప్పుడే నయం, సన్నగా ఉండేవాడు’ అంటోంది మా అత్తగారు.*
— పెందుర్తి

పొగ మానితే నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. దానికి ఒలాంజపిన్ తోడైంది. మందు మోతాదు తగ్గించారో లేదో ముందు కనుక్కోండి. తగ్గించకపోతే ఆకలీ, బరువూ ఇంకా పెరుగుతాయి. అంత బరువు పెరిగినా, పొగ మానినందువల్ల గుండెకి జరిగిన మేలు దానికంటే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి పొగ తెచ్చిన అదనపు ముప్పు సగం తగ్గుతుంది.

నడుము కొలత చూడండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలవాలి. మన దేశపు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్లు (రక్తంలో కొవ్వు), బీపీ, ఇవన్నీ ఒలాంజపిన్ మొదలెట్టినప్పుడు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, తర్వాత ఏటా చూపించాలి. బీపీ, షుగర్ మీ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే చూస్తారు. ఆ కాగితం మానసిక వైద్యుని ఓపీకి తీసుకెళ్ళండి. బరువు ఆగకపోతే మెట్‌ఫార్మిన్ గురించి అడగొచ్చు, షుగర్ లేకపోయినా దీన్ని ఇస్తారు. ఇంట్లో అన్నం రెండో వడ్డన, సాయంత్రం బజ్జీ తగ్గించండి. ఎండుచేప, ఊరగాయల ఉప్పు బీపీకి చేటు. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే టీ చెంచా లోపు. వారానికి 150 నిమిషాల నడక. అలసటగా ఉంటే పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు నడిచినా చాలు.

*

*మా అన్నయ్య ‘ఛాతీలో పురుగులు పాకుతున్నాయి, ఎవరో మిషను పెట్టి నొక్కుతున్నారు’ అంటాడు. జబ్బు మాటో, గుండెపోటో ఎలా తెలుస్తుంది? వయసు 47, పొగ తాగుతాడు.*
— ఎంవీపీ కాలనీ నుంచి ఒక చెల్లెలు

మాట బట్టి తెలియదు. 47 ఏళ్ళు, పొగ తాగుతాడు, మందులున్నాయి. అంతే చాలు, ముందు ఈసీజీ తీయించాల్సిందే. స్కిజోఫ్రీనియాలో కొందరికి నొప్పి తక్కువగా తెలుస్తుంది, తెలిసిన నొప్పిని జబ్బు భాషలో చెబుతారు. వినేవాళ్ళు ‘మళ్ళీ మొదలెట్టాడు’ అనుకుంటారు. గుండెపోటు చికిత్స వీళ్ళకి ఆలస్యం కావడానికి అదో కారణం.

ఆ మాటతో పాటు ఒళ్ళు చల్లబడి చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో లాగినా, ఊపిరి ఆడకపోయినా, వాంతి వచ్చినా, ఎన్నడూ లేనంతగా కూలబడిపోయినా 108కి ఫోను చేయండి. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి. స్పృహలో ఉండి, ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, కడుపులో రక్తస్రావం లేకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి, నీళ్ళతో మింగించకండి. కొత్తగా మొదలైనదైనా, ఎప్పుడూ అనే మాటే కాస్త మారినట్టు అనిపించినా అదే రోజు చూపించండి. ఏళ్ళ తరబడి అదే మాట, అదే తీరు అయితే, ఒకసారి ఈసీజీ, బీపీ, షుగర్ చూసి, పాత ఈసీజీ ఇంట్లో ఫైలులో ఉంచండి. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో గానీ ఇంకెక్కడ గానీ అత్యవసర విభాగానికి వెళ్ళినప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి అది ఉంటే డాక్టరుకి ఎంత పని తేలికవుతుందో చూస్తారు.

ఆ ఫైలు మొదటి కాగితం మీద మందుల పేర్లు, మోతాదులు, రోజుకి ఎన్ని సిగరెట్లు, చివరిది ఎప్పుడు కాల్చాడు, ఇవి రాసి ఉంచండి. క్లోజపిన్ కొత్తగా మొదలై ఎనిమిది వారాల లోపైతే ఆ మాట ఎర్ర పెన్నుతో రాయండి. ఆ రోజుల్లో జ్వరం, ఛాతీ నొప్పి, దడ, ఆయాసం కలిసి వస్తే గుండె కండరానికి వాపు వచ్చి ఉండొచ్చు. ఈసీజీతో పాటు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది), సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపేది) రక్త పరీక్షలు అడగాలి. హాలోపెరిడోల్ లాంటి మందులు గుండె లయలో క్యూటీ అనే విరామాన్ని పొడిగిస్తాయి. ఈసీజీ కాగితం మీద క్యూటీసీ అంకె 500 దాటి కనిపిస్తే ఇంటికి రాకుండా అక్కడే మందు గురించి అడగండి.